అక్కడ

తెల్లవారుజాము నాలుగింటికి కుతైసిలో
మా తోనె పొయ్యి నోరు తెరుచుకునే ఉంటుంది.
మట్టి బానకి లోపల ఎర్రని గోడలు.
నడుం వంచి, భుజాల దాకా దూరి,
పడవలా సాగదీసిన పిండిని గోడకి చరిచి అతికించాలి.
ఒక్క క్షణం కాళ్ళు నేలను వదిలేస్తాయి.

ఉచా వంగడం మానేసి వారమైంది.
పిండి నాకు అందిస్తున్నాడు, ఉప్పు తూస్తున్నాడు,
కట్టెలు లెక్కపెడుతున్నాడు, లెక్క తప్పుతున్నాడు.
ఇరవై నాలుగేళ్ళవాడు.
పెళ్ళయి ఎనిమిది నెలలు.

"బాద్రి మామా, నాకో స్నేహితుడున్నాడు" అన్నాడు.
ఆ స్నేహితుడికి ఏదో గట్టిగా తగులుతోందట.
"ఎక్కడ?"
"అక్కడ."
"నొప్పా?"
"నొప్పి లేదు. అందుకే ఊరుకున్నాడు."

నాకు తెలుసు ఆ స్నేహితుణ్ణి.
నలభై ఏళ్ళ కిందట పెర్మ్ సైనిక ఆస్పత్రి వరండాలో
వాడి గురించే నేను ఒక గుమస్తాకి చెప్పాను.
గుమస్తా తల ఎత్తకుండా
"నీ స్నేహితుణ్ణి ప్యాంటు విప్పి లోపలికి రమ్మను" అన్నాడు.

రాత్రిళ్ళు దుప్పటి కింద ఫోను వెలిగించి
ఉచా చదివినవన్నీ ఒక్కొక్కటిగా రాలాయి:
బిగుతు బట్టలట, సైకిల్ సీటట,
జేబులో ఫోనట, సిగరెట్టట.
ఫోను చొక్కా జేబులోకి మార్చాడు.
సిగరెట్టు మానేశాడు, మళ్ళీ మొదలెట్టాడు.
అమ్మమ్మ అక్రోటు పప్పు తేనెలో కలిపి పెడుతోంది,
ఎందుకో ఆమెకీ చెప్పలేదు, ఆమే కనిపెట్టింది
పిల్లలింకా ఎందుకు లేరని, తన లెక్కలో.
పెళ్ళాం నానా అటు తిరిగి పడుకుంటోంది,
తానే ఏదో తప్పు చేశాననుకుని.

"ఈ వేడి వల్లనా మామా? ఈ పొయ్యి వల్లనా?"

వేడి సంగతి డాక్టర్ని అడుగు.
గడ్డ సంగతీ డాక్టర్నే అడుగు.
పొయ్యిని అడిగితే రొట్టె గురించి తప్ప ఏం చెబుతుంది?

అప్పుడు చెప్పాను,
పిండి చేతులు గాల్లో పెట్టుకుని,
నా తమ్ముడికి కూడా చెప్పని మాట:
"నాకు ఒక్కటే ఉందిరా."

వాడు ముందు నా మీసం వైపు చూశాడు.
తర్వాత గల్లాపెట్టె మీద నా కూతుళ్ళ ఫొటో వైపు.
"ఇద్దరూ...?"
"పెద్దదాని ముక్కు చూసి మాట్లాడు."

నవ్వాడు. నవ్వుతూనే మూతి వంకర పోయింది.
ఏడుపొచ్చినవాడు మోచేత్తో కళ్ళు తుడుచుకుంటే
కనుబొమలకి పిండి అంటుకుని
ఒక్కసారిగా నా వయసువాడైపోయాడు.

ఒక రొట్టె మాడిపోయింది, మేం చూడనేలేదు.

డాక్టరు లామారా ఆడమనిషని ముందు చెప్పలేదు నేను.
చెబితే వచ్చేవాడు కాదు.
ఆమె చేతులు కడుక్కుంటూ
టమాటాలు ఎంచే మనిషిలా మామూలుగా అడిగిందట:
"కుడా, ఎడమా? ఎన్నాళ్ళనుంచి?
నెలకోసారైనా స్నానం చేస్తూ తడిమి చూసుకుంటావా?"
ముఖం తడిమి చూసుకుంటాను గడ్డం గీసుకునేటప్పుడు, అన్నాడట.
"అదీ అలాంటిదే" అందట.
చల్లటి జెల్లు, తెర మీద బూడిదరంగు చంద్రుడు,
చంద్రుడిలో ఒక మచ్చ.
నీరు కావచ్చు, నరం ఉబ్బు కావచ్చు, ఇంకేమైనా కావచ్చు.
రక్తపరీక్ష రాసింది. గురువారం చెబుతుంది.
"తోడెవరొచ్చారు?" అంటే
"మా బేకరీలో నాతో పనిచేసే ఆయన" అన్నాడట.
తలుపు బయట అది విని
నేను కిటికీలోంచి రియోని నది వైపు చూశాను చాలాసేపు.

తిరుగు వ్యానులో నానాకి ఫోను చేశాడు.
"నువ్వు కాదు, నేను" అన్నాడు.
"నా వృషణంలో గడ్డ ఉంది."
పెద్దగానే అన్నాడు, ఇంజను మోతకి.
జున్ను బుట్టతో ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ
వెనక్కి తిరిగి, వాణ్ణి ఎగాదిగా చూసి,
ఒక జున్ను ముక్క విరిచి చేతిలో పెట్టింది.
వ్యాను ఆగలేదు. ఎవరూ దిగిపోలేదు.

గురువారం పొయ్యి నేనే వెలిగిస్తాలే, అన్నాను.
వద్దు మామా, నాలుగింటికే వస్తాను,
ఆస్పత్రి పదింటికి గదా, అన్నాడు జున్ను నములుతూ.
అప్పటిదాకా చేతులకి ఏదో ఒక పని ఉండాలి.